తంబాకు దమ్ము

నిరోష ఒళ్లోని బీడీల చాటను ఆ ముసలామె అడగకుండానే లాక్కుంది.

"లే బిడ్డా. గల్లీ మూలదాక నడిచి రా. గప్పటిదాంక బీడీలు నేను చేస్త."

నిరోష బిత్తరపోయి చూసింది. ఆమె పేరు పోచవ్వ అనీ, ఎదురింటి సాయన్న గదిలో ఈమధ్యే కిరాయికి దిగిందనీ, ఊరు బీర్కూర్ దిక్కనీ తప్ప ఎల్లారెడ్డిలోని ఆ గల్లీలో ఎవరికీ ఇంకేమీ తెలియదు.

నిరోష తొలి కాన్పుకు తల్లి నాగవ్వ ఇంటికి వచ్చింది. భర్త అజయ్ మస్కట్‌లో పనిచేస్తాడు. కడుపుతో ఉన్నా చాట ముందు కూర్చోక తప్పదు. కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది లేదు.

ఆనాటి నుంచి పోచవ్వకు అదే పని. పొద్దున్నే వచ్చి నిరోషను నడిపించేది. మధ్యాహ్నం ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆమె వంతు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టేది. నిద్ర లేచేసరికి చాట నిండి ఉండేది. ఇంత చేసినందుకు తాగేది ఒక్క చాయ్.

రోజూ అవే ప్రశ్నలు, విసుగన్నది లేకుండా. వెల్లకిలా పడుకుంటే ఆయాసంగా దమ్ము వస్తోందా? కాళ్లు ఉబ్బుతున్నాయా?

నిరోషకు నవ్వొచ్చేది. కన్నతల్లి కూడా ఇన్నిసార్లు అడగలేదు. కానీ ఆ మధ్యాహ్నపు నిద్ర ఎంత హాయిగా ఉండేదో, అబద్ధమెందుకు చెప్పాలి.

నాగవ్వకు మాత్రం ఒళ్లు మండేది. చుట్టం కాదు, పక్కం కాదు, ఈ ముసలిది పిల్ల కడుపు వంక అట్లా గుచ్చి గుచ్చి చూడటమేమిటి? పైగా నిరోషది రెండో సంబంధం. మొదటి భార్య హారిక చనిపోయాక అజయ్ ఈమెను చేసుకున్నాడు. పోయినామె నీడ బిడ్డ మీద పడకూడదని నాగవ్వ కనపడ్డ దేవుడికల్లా మొక్కుతోంది.

గల్లీవాళ్లు ఊరుకుంటారా? నా అన్నవాళ్లు లేని ఆడదాని దిష్టి ఊరికే పోదని చెవిలో వేశారు.

ఏడో నెల నిండుతుండగా నిరోషకు ఆయాసం మొదలైంది. వాకిలి ఊడిస్తే ఎగపోత. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. పాదాలు చెప్పుల్లో పట్టలేదు.

నాగవ్వ గాబరాపడలేదు. బీడీలు చేసే ఇంట్లో దగ్గూ దమ్మూ కొత్తవా? అది తంబాకు దమ్ము, కాన్పయితే అదే పోతుందంది. కూర్చుని పనిచేసేవాళ్ల కాళ్లు ఉబ్బక ఏమవుతాయంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె చూసింది అదే మరి.

పోచవ్వ కత్తెర పక్కన పెట్టేసింది.

"ఇది తంబాకు దమ్ము గాదు, నాగవ్వా. గుండె సంగతి. నీ కాల్మొక్త, పిల్లను కామారెడ్డి తోల్కపో."

"నీ నోట్ల మంచి మాటే రాదా? నీ కడుపున పుట్టిన బిడ్డయితే గిట్లనే అంటవా?"

పోచవ్వ మొహం పాలిపోయింది. చాట కింద పెట్టి నిరోష వైపు చూసింది.

అవ్వను ఉండమనాలని నిరోషకు నోటిదాకా వచ్చింది. కానీ దిష్టి మాట ఆమెనూ భయపెట్టింది. తల్లయ్యే మనసు అంత పిరికిది.

"నువ్వు ఇంక రాకవ్వా," అంది మెల్లగా.

పోచవ్వ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఎంతో కాలం గడవలేదు. ఒక పొద్దున ముగ్గు వేస్తూ నిరోష వాకిట్లోనే కూలబడింది. పోచవ్వ తన గుమ్మంలోంచి చూసింది. రావద్దన్నారని రాలేదు. సాయన్నను కేకేసి ఆటో తెప్పించింది. ఆటో కదిలేదాకా చేతులు జోడించి నిలబడింది.

నిరోష గుండె బలం తగ్గిపోయిందనీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనీ, ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదనీ కామారెడ్డిలో డాక్టరమ్మ చెప్పింది. నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చాలా రోజులు ఆసుపత్రిలోనే గడిచాయి. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉన్నా బతికి బట్టకట్టింది.

ఊరు చేరాక నిరోష ముందు తన ఇంట్లోకి పోలేదు. పాపను పోచవ్వ ఒళ్లో పెట్టి, తప్పయిందవ్వా అని చెప్పుకోవాలని ఎదురింటికే నడిచింది.

గదికి తాళం ఉంది.

సాయన్న తల దించుకుని చెప్పాడు. పోచవ్వ రోజూ నిరోష సంగతే అడిగేదట. పాప పుట్టిందని విన్న రోజు కడుపు నిండా తిని పడుకుందట. ఆ నిద్రలోనే పోయింది. చుట్టాలెవరో తెలియక గల్లీవాళ్లే కలిసి సాగనంపారు. కిరాయికి దిగినప్పుడు తీసిన ఫొటో ఒకటి ఫోన్‌లో ఉందని చూపించాడు.

నిరోష ఏడుస్తూనే ఆ ఫొటో అజయ్‌కు పంపింది. నేనూ నీ బిడ్డా ఈ అవ్వ పుణ్యాన బతికినం, మనిషిని దక్కించుకోలేకపోయిన అని చెప్పుకుంది.

వెంటనే ఫోన్ మోగింది. అవతల అజయ్ ఏడుస్తున్నాడు.

"హారికకు గూడ కడుపుతోనున్నప్పుడు గిట్లనే అయింది, తంబాకు దమ్మే అని మేమందరం ఊకున్నం," అన్నాడు ఏడుపు మధ్యనే. "గామె హారికను కన్నతల్లి, నిరోషా."