ముగ్గురికి సరిపడే గుడారం

సాలమోను కొట్టు అరుగు మీద సుద్దముక్కతో పొడుగాటి గడి గీసి, అందులో పడుకుని చూడమన్నాడు. గుడారం ఎంత కావాలో మూరలు కొలిస్తే తెలియదనీ, మనిషి కాళ్ళు చాపితేనే తెలుస్తుందనీ అతని మాట.

సూర్యారావు మొహమాటపడుతూనే వెళ్ళి గడిలో కూర్చున్నాడు. కూతురు లీలావతి నవ్వుతూ పక్కన పడుకుంది. పాదాలు గీత దాటలేదు. ఇంకొకరికి చోటు కూడా మిగిలింది.

“సరిపోయింది. నువ్వూ రా” అన్నాడు భార్యతో.

వీరవేణి రాలేదు. గీతకి బయట, ఓ మూల నిలబడి లోపలున్న ఇద్దరినీ చూస్తూ ఉండిపోయింది.

“అక్కడేం చేస్తున్నావు?”

“ఇక్కణ్ణించి మనం ఎలా కనిపిస్తామో చూస్తున్నానండి.”

సూర్యారావు లేచి పంచె దులుపుకున్నాడు.

సాలమోనుది అమలాపురంలో లారీల మీద కప్పే పట్టాలు కుట్టే పని. ఎనభై ఆరు వరద వెళ్ళిన దగ్గర్నుంచి గోదారి పాయల మధ్యనున్న లంక ఊళ్ళవాళ్ళు డాబాల మీదికి గుడారాలు కావాలని రావడం మొదలుపెట్టారు. ఏడాది తిరుగుతోంది. మళ్ళీ గోదారి పొంగే నెలలు దగ్గరపడుతున్నాయని వీరవేణి పోరగా పోరగా సూర్యారావు ఇవాళ బయల్దేరాడు.

ఆ వరదలో తెల్లారేసరికి నీళ్ళు గుమ్మం దాటాయి. సూర్యారావు కూతుర్ని భుజానికెత్తుకుని, ధాన్యం మీద కప్పే బరకం చేతికందితే లాక్కుని, భార్యతో సహా డాబా ఎక్కాడు. పడవ వచ్చేదాకా వాన తెరిపివ్వలేదు. బరకం కింద ముగ్గురూ ఒదిగి కూర్చున్నారు.

అవతలి మూల పక్కింటి అంజిబాబు, అతని భార్య అమ్మాజీ, తల్లి పైడమ్మ ఉన్నారు. గట్టు మీది కొబ్బరిచెట్ల తగాదా కోర్టుకెక్కినప్పటినుంచీ రెండిళ్ళకీ మాటల్లేవు. వాళ్ళకి మిగిలింది ఒక్క తాటాకు గొడుగు. దాన్ని తల్లి మీద పట్టి అంజిబాబు తడుస్తూ నిలబడ్డాడు. అమ్మాజీ కొంగు అడ్డంపెట్టి కిరసనాయిలు పొయ్యి మీద గంజి కాచి, ముందుగా లీలావతికే గిన్నెలో పోసి ఇచ్చింది. సూర్యారావు అదంతా చూశాడు. బరకం కొస ఎత్తి ముసలావిణ్ణి రమ్మనడానికి మాత్రం అతనికి నోరు రాలేదు. అంజిబాబూ అడగలేదు.

వరద తీశాక పైడమ్మ జ్వరంతో మంచం పట్టి, వానలు వెళ్ళేదాకా లేవలేదు. గోడ అవతల ఆవిడ దగ్గినప్పుడల్లా వీరవేణి చేతిలో పని ఆగిపోయేది.

ఇప్పుడామె సాలమోనుని, ఆరుగురికి సరిపడేలా ఒకటే కుట్టొచ్చా అని అడిగింది. రెండు పట్టాలు కలిపి కుడితే వస్తుందన్నాడు. కట్టడానికి ఏమున్నాయని అడిగితే, పై అంతస్తు కోసం వదిలిన ఊచలు నాలుగు మూలలా ఉన్నాయని చెప్పింది. అయితే దిగుల్లేదనీ, పెద్దదానికి గాలి పోటు ఎక్కువ కాబట్టి తాళ్ళు మాత్రం గట్టివి వెయ్యాలనీ అన్నాడు.

సూర్యారావు గాలి మాట పట్టుకున్నాడు. పెద్దది ఎగిరిపోతే అసలుకే మోసమన్నాడు. మనం ఉన్నది ముగ్గురం, వాళ్ళది వాళ్ళు కుట్టించుకుంటారన్నాడు.

“వరదొస్తే వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారండీ? ఆ డాబా మీదే కదా ఉండాలి” అంది వీరవేణి, గొంతు తగ్గించి.

సాలమోను చెవిన పడనే పడింది. అతను సూది పక్కన పెట్టి, “డాబా ఉన్నోళ్ళకి తప్పదండి, ఆయ్. నీళ్ళొచ్చేక పక్కోళ్ళు ఎక్కితే దిగమంటామా? తగువులుంటే కిందే వదిలెయ్యాలండి. మీరు పెద్దదే కుట్టించండి బాబూ, పుణ్యం ఉంటది” అన్నాడు.

భార్య ఏడాదిగా పోరుతున్నా తగలనిది ఆ ఒక్క మెప్పుతో తగిలింది. సూర్యారావు తలెత్తలేదు. అరుగు దిగి, రోడ్డు దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి, సుద్ద గీత కాలితో చెరిపేశాడు.

“ఆరుగురికి కుట్టండి” అన్నాడు.

గుడారం ఇంటికొచ్చాక ఓ ఆదివారం పొద్దున్న, వానలు పడకముందే ఒకసారి కట్టి చూద్దామని మూట భుజాన వేసుకుని మెట్లెక్కాడు. వెనకాలే వీరవేణి తాళ్ళు తెచ్చింది. రెండు కొసలు ఊచలకి కట్టేసరికి గాలి లేచింది. మూడో కొస ఎంత లాగినా బిగియలేదు. పట్టా చేతుల్లోంచి జారి కొట్టుకోసాగింది.

అలికిడి విని అంజిబాబు పైకొచ్చాడు. ఎగురుతున్న కొసని ఒడిసిపట్టి బలంగా లాగాడు. పట్టా లేచి నిలబడింది. పిట్టగోడ నుంచి పిట్టగోడ దాకా నీడ పరుచుకుంది.

“ముగ్గురికి ఇంత పెద్దదెందుకు బావా?” అన్నాడు అంజిబాబు. తగాదా మొదలయ్యాక అతను మాట్లాడిన మొదటి మాట అది.

“ఆరుగురం కదా” అన్నాడు సూర్యారావు.

అంజిబాబు తాడుని ఊచకి ఇంకో చుట్టు చుట్టి ముడివేశాడు.

ఆ డాబా అంజిబాబుదే.