మాస్టారు కొట్టని వాక్యం

"మళ్లీ ఆగింది!" మాస్టారు అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచారు.

పక్క కుర్చీలోని అమ్మాయి చెయ్యి అప్పుడే మాస్టారి లాప్‌టాప్ మీంచి వెనక్కి వెళ్లడం ఆయన కంటి కొసన పడనే పడింది.

"ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి.

"ఏమవుతుంది? నీళ్ల గొట్టాల గురించి మాట్లాడుతున్న పెద్దమనిషి చటుక్కున వీధి కుక్కల మీదికి దూకాడు. మధ్యలో మాట లేదు, మంతి లేదు. తెర బిగుసుకుపోయింది."

ఆ అమ్మాయి మంచినీళ్ల సీసా ఆయన ముందుకు జరిపింది.

కింద హాల్లో నగర సభ జరుగుతోంది. చెవులు వినిపించనివాళ్ల కోసం సభ్యుల ప్రతి మాటా పెద్ద తెర మీద అక్షరాలై కనబడాలి. పై గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ మాటల వెంట పడి టైపు కొట్టే పని మాస్టారిది. ఇరవై ఆరేళ్లుగా ఆ కుర్చీ ఆయనదే. ఆ పనిలోకి వచ్చినవాళ్లందరికీ ఆయనే నేర్పారు గనక అందరికీ మాస్టారే. ఈ అమ్మాయికి నేర్పిందీ ఆయనే. వచ్చే నెల నుంచి ఒక్క కుర్చీయే మిగులుతుందని పై అధికారి మేడమ్ చెప్పేశారు. ఆ కుర్చీ ఎవరిదో శుక్రవారం తేలుతుంది.

మాస్టారు పేజీ వెనక్కి జరిపి చూశారు. కుక్కల గొడవకు ముందు ఒక వాక్యం ఉంది. 'కొత్త గొట్టాలు వేసేదాకా ట్యాంకర్లు పంపాలి.' తప్పుల్లేవు. కాకపోతే అది ఆయన కొట్టింది కాదు.

మాస్టారికి అర్థమైపోయింది. ఓహో, ఇదా సంగతి! నా యంత్రాన్ని ఆపి, తన మాటలు దూర్చి, ముసలాడి చేత పని కావడం లేదని మేడమ్‌కు చూపిస్తుందన్నమాట. అక్షరాలు దిద్దించిన గురువుకే పంగనామాలు!

మధ్యాహ్నం కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చాడు. ఆఫీసులో అతన్ని అందరూ డాక్టరు అంటారు. లాప్‌టాప్ అడుగు విప్పి, ఫ్యాన్ దుమ్ము దులిపి, ఏవేవో పరీక్షలు నడిపి పెదవి విరిచాడు.

"రోగి గుండ్రాయిలా ఉన్నాడండీ. వైరస్ లేదు, వేడి లేదు."

"మరి రోజుకు రెండు మూడుసార్లు ఎందుకు ఆగుతోంది?"

"ఇందాక పరీక్షకని ఆ అమ్మాయి గంటసేపు దీని మీదే కొట్టింది కదా. ఒక్కసారీ ఆగలేదే!"

"ఎందుకు ఆగుతుంది? దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు భద్రంగా ఉందా అని అడిగినట్టుంది."

డాక్టరు ఆయన ముఖంలోకి చూశాడు. మాస్టారు గొంతు తగ్గించి తన అనుమానమంతా కక్కేశారు.

"అంత మాట అనకండి. ముందు రుజువు చూద్దాం" అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు ఫిర్యాదు వాక్యాలు మనసులో పేర్చుకుంటూ పొయ్యి దగ్గర నిలబడ్డారు.

"అయ్యో రామ! పాలన్నీ పొంగిపోతుంటే గుడ్లప్పగించి చూస్తారేమిటండీ?" భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. "ఎన్నిసార్లు పిలిచాను!"

"ఒక్కసారీ పిలవలేదు. నా బుర్రంతా ఆఫీసు గొడవలోనే ఉంది."

"ఉంటే ఉండనివ్వండి. చెవులైనా ఇంట్లో పెట్టుకోండి" అని ఆవిడ గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టింది.

ఆ రాత్రే మేడమ్‌కు ఫిర్యాదు ఉత్తరం పూర్తయింది. దాంతో ఆ అమ్మాయి ఉద్యోగం ఊడడం ఖాయం. జాలి వేయకపోలేదు గానీ, కోపమే గెలిచింది.

శుక్రవారం పొద్దున్నే డాక్టరు తన ఫోన్‌ను బీరువా మీద, ఫైళ్ల మధ్య నిలబెట్టాడు. తెర, కీబోర్డు, రెండు కుర్చీలు అన్నీ అందులో పడుతున్నాయి. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియదు.

సభ మొదలైన నలభై నిమిషాలకు పాత కథే. అదే తెర, మాటల్లో అదే గెంతు, వెనక్కి వెళ్లిపోతున్న అదే చెయ్యి. మాస్టారు లోలోపల మీసం మెలేశారు.

సభ ముగిశాక మేడమ్ గదిలో నలుగురూ కూర్చున్నారు. మాస్టారు ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు. డాక్టరు ఫోన్ పట్టుకున్నాడు గానీ ముందుకు జరపడు.

ఫోన్‌లో తమ గది వీడియో కనబడగానే ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "మాస్టారూ, నలుగురిలో వద్దండీ. మనిద్దరం మాట్లాడుకుందాం" అంది బతిమాలుతూ.

"ఇప్పుడు గుర్తొచ్చారా నలుగురూ? పెట్టవయ్యా డాక్టరూ!"

వీడియో నడిచింది. కాసేపటికి ఆ అమ్మాయి పక్కకు వంగి, మాస్టారి వేలిని మెల్లగా మీట మీంచి తప్పించి, గబగబా ఒక వాక్యం కొట్టింది.

"అదిగో! చూశారా మేడమ్! పట్టపగలే!" మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు.

మేడమ్ ఉత్తరం ముట్టుకోలేదు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"చెయ్యి కాదండీ" అని డాక్టరు వీడియోను వెనక్కి జరిపాడు. "లాప్‌టాప్ మూలన గడియారం చూడండి. చప్పుడు కూడా వినండి."

మాస్టారు వంగి చూశారు. తెర మీద సెకన్లు ఒక్కటీ తప్పకుండా మారుతున్నాయి. హెడ్‌ఫోన్లలోంచి సభ్యుడి గొంతు సన్నగా వినబడుతూనే ఉంది. "మాస్టారూ... మాస్టారూ..." అని వీడియోలో ఆ అమ్మాయి రెండుసార్లు భుజం తట్టి పిలిచింది. కుర్చీలోని మనిషి కళ్లు తెరుచుకునే ఉన్నాయి, రెప్ప పడలేదు, వేలు మీట మీదే బిగుసుకుపోయింది.

ఆగిపోయింది యంత్రం కాదు, మాస్టారు.