సగం రోడ్డు

"కురుమన్నా, ఇవేం రాళ్లే? మనిషి పడి సస్తడు."

గులాం నబీ తన మోపెడ్‌ను రాళ్లకు జానెడు దూరంలో ఆపి అడిగాడు. చౌరస్తాలో పంక్చర్ దుకాణం కట్టేసి ఊళ్లోకి పోతున్నాడు.

"కండ్లున్నోడు పడడు నబీ భాయ్." కురుమయ్య ఇంకో రాయి మోసుకొచ్చి వరుసలో పెట్టాడు. "రాళ్లు లేకుంటే బండ్లన్నీ నా వడ్ల మీదికెల్లే పోతయి."

"జర గా టార్చన్నా వెలిగించి పెట్టు రాళ్ల మీద."

"తెల్లారేదాక చార్జింగు ఉండాలె. మబ్బును చూసుకోవద్దా నేను?"

"నువ్వు చూస్తే మబ్బు ఆగుతదా?"

"చూడకుంటే ఆగుతదా?"

నబీ తలకాయ ఊపి, బండిని పక్కకు తిప్పుకొని వెళ్లిపోయాడు.

రోడ్డులో సగం మీద రెండెకరాల వడ్లున్నాయి. కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే తేమ మిషను పంతొమ్మిది శాతం చూపించింది. పదిహేడుకు దిగితేనే కాంటా పెడతామన్నారు, ఎండబెట్టుకొని రమ్మన్నారు. ఎక్కడ ఎండబెట్టాలో మాత్రం ఎవడూ చెప్పలేదు. ఊరి కల్లాలన్నీ ప్లాట్లయ్యాయి. మిగిలింది తారు రోడ్డు. పగలు ఎండకు పరవడం, రాత్రి కుప్ప చేసి పక్కన పడుకోవడం. వారం రోజులుగా ఇదే బతుకు. ఆ మిషను తయారుచేసినోడు ఒక్క రాత్రి ఈ మంచులో పడుకుంటే తెలిసేది, తేమ అంటే ఏందో.

రోజూ చీకటి పడగానే తూర్పున పిల్లలకోడి చుక్కలు చూసుకునేవాడు. ఆ గుంపు తేటగా కనబడితే రేపు ఎండ కాస్తుందని ధైర్యం. ఈ రాత్రి కోడీ లేదు, పిల్లలూ లేవు. సముద్రంలో వాయుగుండమట. మబ్బు అన్నింటినీ మింగి కుప్ప నెత్తి మీదికి వచ్చి కూర్చుంది.

వాన పడితే కప్పడానికి ఉన్నది ఒక్కటే నల్ల టార్పాలిన్ పట్టా. అది సగం కుప్పకే సరిపోయింది.

ఫోన్ మోగింది. బిడ్డ హరిత. చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది.

"బాపూ, పట్టా దొరికింది. అబ్బ, ఏం లైనే! సుట్టుపక్కల ఊర్ల రైతులందరు ఆ దుకాణం కాడనే ఉన్నరు."

"ఏడున్నవు బిడ్డా?"

"బస్టాండుల. ఇప్పుడే ఒకటి పోయింది. ఇంకో బస్సుకు గంట పడ్తదట. నాతోని పన్జేసే మెహ్రీన్ స్కూటీ ఇస్తనంటాంది. తీస్కరానా?"

"వద్దు. రాత్రి పూట రోడ్లు మంచిగుంటలేవు. ఎవడు ఎట్ల నడుపుతడో. బస్సులనే రా."

"పోయినసారి గిట్లనే అన్నవు."

"పోయినసారి నువ్వు మోరీల పడ్డవు."

"కుక్క అడ్డమొచ్చింది బాపూ. నా తప్పా అది?" నవ్వింది హరిత. "సరే, బస్సులనే వస్త తీ."

తూర్పు గాలి లేచింది. నల్ల పట్టా అంచులు పటపటా కొట్టుకున్నాయి. కురుమయ్య భుజం మీది గొంగడి తీసి కుప్ప మీద పరిచాడు. అది ఏ మూలకూ రాలేదు. మొదటి చినుకు రెప్ప మీద పడింది.

ఫోన్ తీసి మళ్లీ చేశాడు.

"ఎక్కినవా?"

"బస్సే రాలే బాపూ."

"ఇంకెప్పుడొస్తవు? వడ్లు మొలకలొచ్చినంకనా? తడిస్తే ఎవడు కొంటడు బిడ్డా? ఆర్నెల్ల కష్టం నా కండ్ల ముంగటనే పోతాంది." కూతురి ముందు ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు.

"వస్తున్న బాపూ," అని పెట్టేసింది.

అరగంట దాటింది. బస్సు వచ్చే ఉంటుంది, ఎక్కే ఉంటుంది అనుకున్నాడు. జల్లు పలచగా మొదలైంది. పట్టా లేని వైపు కుప్ప మీద బోర్లా పడుకొని, చేతులు చాపి, ఒంటితోనే కప్పుకున్నాడు.

హైవే వైపు నుంచి ఒక లైటు వచ్చింది. వేగంగా వచ్చింది.

రాళ్ల మీద ఇనుము గీసుకుపోయిన చప్పుడు. ఏదో దొర్లింది. లైటు ఆరిపోయింది.

కురుమయ్య టార్చి జేబులో దోపుకొని తంగేడు పొద వెనక్కి జరిగాడు. పోయినేడు పక్క ఊళ్లో ఎవరో వడ్ల మీద జారి పడితే, ఆ వడ్లు పోసిన రైతు గోపయ్యను పోలీసులు కొట్టి ఠాణాకు ఈడ్చుకుపోయారు. పది రోజులు తిరిగాడు. ఆ పది రోజుల్లో వడ్లు మురిగిపోయాయి.

'లేస్తడు. నాలుగు తిట్లు తిడ్తడు. పోతడు.'

ఎవరూ లేవలేదు. తిట్టలేదు. మూలుగు లాంటిది వినబడింది. గాలే అనుకున్నాడు. అనుకోవాలనుకున్నాడు.

మెరుపు మెరిసింది. రాళ్లకు ఇవతల, రోడ్డు మధ్యలో, మడత కూడా విప్పని కొత్త పట్టా పడి ఉంది.

'నా అసొంటోడే. వడ్ల కోసం కొనుకపోతున్నడు.' కాళ్లు అటు ఒక అడుగు వేశాయి, ఆగాయి. వాన ఒక్కసారిగా దబదబా కొట్టింది. కురుమయ్య వంగి ఉరికాడు. పట్టా అందుకున్నాడు. రాళ్ల అవతలికి చూడలేదు. చూస్తే తీసుకోలేడు.

విప్పి కుప్పంతా కప్పాడు. ఎగిరిపోకుండా వరుసలోంచే నాలుగు రాళ్లు తెచ్చి అంచుల మీద పెట్టాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. పైపొరే తడిసింది. అడుగున వడ్లు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. కూలబడి ఏడ్చాడు.

అప్పుడు బిడ్డ గుర్తొచ్చింది. పాపం, ఈ వానలో ఎంత ఆగమవుతుందో. ఇంక తొందరేం లేదు బిడ్డా, వాన తగ్గినంకనే నెమ్మదిగ రా అని చెప్పాలి. తడి చెయ్యి అంగీకి తుడుచుకొని నంబరు నొక్కాడు.

రాళ్ల అవతల, చీకట్లో, ఫోన్ మోగింది.