మాసమ్మ ఇంటి చాట

"మూడు దినాలు నా శాట పెట్టుకొని గీసింది గిదేనా?" నీటిరంగుల బొమ్మను చూసి మాసమ్మ మూతి తిప్పింది.

పాతకాలపు ఇంటి సామాన్ల మీద బొమ్మల పుస్తకం వేస్తున్న సంయుక్త, అశోక్‌నగర్‌లో తన ఇంటి పక్క బిల్డింగ్ పనికి వచ్చే మాసమ్మను అడిగి ఆ చాట తెచ్చుకుంది.

"ఒక్కో వెదురు బద్ద చూసి వేసిన అక్కా!"

"మరి అంచుకున్న తీగేది?"

"ఆ తుప్పు తీగా? అందం చెడుతదని వదిలేసిన. ఇది జానపద వస్తువుల పుస్తకం కదా."

మాసమ్మ ఫక్కున నవ్వింది. "కింద ఏం రాసినవ్?"

"మాసమ్మ ఇంటి చాట అని."

"శాట కోఠి బజార్ల కొన్న. గసోంటియి ఆడ కుప్పలున్నయి. అంచు ఇరిగితే మా ఇంటాయన బిల్డింగ్ పనిల ఇనుప సలాకలు కట్టే తీగ తెచ్చి కుట్టిండు. మా ఇంటిది ఆ తీగ ఒక్కటే. గదే నీకు పనికిరాకపాయె!"

సంయుక్త గబగబా తుప్పురంగు కలిపింది. "అక్కా, చాట ఒక్క పది నిమిషాలు ఉంచు."

మాసమ్మ అప్పటికే చాట చంకన పెట్టుకుంది.

"మూడు దినాలు నీ ముంగటనే ఉండె గదా. నా పేరు కొట్టేసి, కోఠి శాట అని రాస్కో."