ఎడమవైపు ఆగే ఫ్యాన్

పాత ఫ్యాన్లకు ప్రాణం పోసే మెకానిక్‌కి ఆ ఇత్తడి రెక్కల టేబుల్ ఫ్యాన్ ఒక్కటే కొరుకుడు పడలేదు. తల తిప్పినప్పుడల్లా ఎడమ చివర కాసేపు ఆగేది. పళ్లచక్రం మార్చినా అదే వరస.

“పోయేదాకా మా నాన్న మంచం అటే ఉండేది. మాకంటే అదే ఆయన్ని బాగా చూసుకుంది లెండి,” అని నవ్వింది అమ్మినావిడ.

ఆ రాత్రి మెకానిక్ కూతురికి జ్వరం. ఇంట్లో పనిచేసే ఫ్యాన్ అదొక్కటే. ఆగినా ఎడమనున్న గోడవైపే ఆగుతుందిలే అని పాప మంచాన్ని కుడిపక్కకు జరిపాడు. ఫ్యాన్ గోడవైపు ఆగలేదు. కుడివైపు తిరిగి, పాప మీదే నిలిచిపోయింది.

గబుక్కున ప్లగ్గు పీకేశాడు. రెక్కలు ఆగాయి. పాప జుట్టు ఇంకా ఎగురుతూనే ఉంది.

పాప కళ్లు తెరవకుండానే మంచం అంచుకు ఒదిగింది. “ఇంక చోటు లేదు తాతయ్యా.”