మినహాయింపు దీపం

ఎక్కడో రెండు దేశాలు పంతానికి పోయి చమురు, గ్యాసు తెచ్చే ఓడల దారి మూసేశాయి. ఇక్కడ మంట మీద పన్ను మళ్లీ పెరిగింది. ఇంట్లో మంటల లెక్క చూసే గోడ మీది సర్కారు పెట్టె, ఇవాళ్టి వాటా అయిపోయిందని సాయంత్రం దాకా పొయ్యి ఆపేసింది. పన్ను లేనిది దేవుడి దీపానికొక్కదానికే.

అప్పలస్వామి తల్లి జావ తాగితేగాని మాత్ర వేసుకోకూడదు. భార్య పైడమ్మ గిన్నెలో రాగిజావ కలిపి పూజగదిలోకి తెచ్చింది.

"దేవుడి దీపం మీద వంటేటే?" అన్నాడతను.

"ఈదంతా ఇదే సేస్తంది. మీకొక్కరికేనేటి మడి?"

దీపానికి అటూ ఇటూ ఇటుకముక్కలు పెట్టి, వాటి మీద గిన్నె ఉంచగానే పెట్టె అడిగింది: "వంటా, నైవేద్యమా?"

దేవుడి ఎదుట అతను ఏనాడూ అబద్ధమాడలేదు.

"నైవేద్యం," అన్నాడు.

జావ ఉడికాక, ఆ మాట నిజం కావాలని గంట కొట్టి, గిన్నె చుట్టూ నీళ్లు తిప్పి, కళ్లు మూసుకున్నాడు. ఆ దేశాల వాళ్లు తమ దేవుడికి ఏం చెప్పుకుంటారో అనిపించింది.

"ఒరే, దేవుడు తిన్నాడేట్రా?" పక్కగదిలోంచి తల్లి కేకేసింది.

"తిన్నాడమ్మా."

తల్లికి జావ పట్టి, మాత్ర వేసి తిరిగొచ్చాడు. దేవుడి పటానికి మసి పట్టింది. కండువాతో తుడిచాడు. నిన్న జావ కాచాక తుడిచిన మసి కండువా మీద ఇంకా అలాగే ఉంది.