రోడ్డు మీదే ఉన్నాడు

స్టెల్లా కాఫీ దుకాణం ముందు, కంకర రోడ్డులో ఎవరో ముసలాయన ఇనుప ఊచ గుచ్చుతున్నాడు.

"ఏమయ్యా, నిధి కోసమా?" అంది స్టెల్లా గుమ్మంలోంచి.

"రోడ్డు లోపలి మంచు కోసమమ్మా. పైన జానెడు కరిగింది. కింద ఇంకా రాయిలా ఉంది. కరిగిన నీళ్ళకి దిగే దారి లేదు."

"అయితే?"

"మే పది దాకా దీని మీద బరువు పోకూడదు."

స్టెల్లాకు ఒళ్ళు మండింది. మే పదిహేడున కూతురు లెస్యా పెళ్ళి. మా ఊరి హాలు కిందటేడు కాలిపోయింది. పక్కూళ్ళో మూతబడ్డ చెక్క హాలు ఒకటి కొన్నాం. దాన్ని ఉన్నదున్నట్టు చక్రాలకెక్కించి ఇరవై కిలోమీటర్లు లాక్కురావాలి. రాకపోతే పెళ్ళి డాన్సు సిటీలో, ముక్కూ మొహం తెలియని హోటల్లో.

"ఇళ్ళు లాగడంలో మారిస్ అంతటివాడు లేడట. ఏప్రిల్ ఇరవై ఎనిమిదికి వస్తాడు. నీ ఊచ పుల్లలా విరిచేస్తాడు."

"వస్తే ఆయన్నే అడుగుదాం," అన్నాడు ముసలాయన.

"తెల్లవారుజామున రోడ్డు గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు లాగేస్తే సరి," అన్నాడు స్టెల్లా మరిది ఓరెస్ట్. ఏప్రిల్ వస్తే మా ఊళ్ళో అందరం అనే మాటే అది.

ముసలాయన లోపలికొచ్చి, బల్ల మీదున్న సాస్కటూన్ అనే చిన్న నల్ల పళ్ళు కూరిన రొట్టె ముందు కూర్చున్నాడు. నిన్నటిది. చెంచా వెనక్కి తిప్పి నొక్కాడు.

పై పొర వంగి లేచింది.

మళ్ళీ అక్కడే నొక్కాడు. ఈసారి కాస్త తక్కువ లేచింది. ఆరోసారికి రసం పైకి తన్నింది.

"మారిస్ బండికి పన్నెండు జతల చక్రాలు. మొదటి జత దాటిపోతుంది, రెండోదీ దాటిపోతుంది. అన్నీ ఒకే చోట తొక్కితే?"

"తినేదాంతో ఆటలేంటయ్యా," అని స్టెల్లా కంచం లాక్కుంది.

పంతానికి ఓరెస్ట్ తెల్లవారుజామునే ధాన్యం లారీ తీశాడు. మూడు రోజులు దర్జాగా తిరిగాడు. నాలుగోరోజు సగం చక్రం దాకా దిగబడ్డాడు. రెండు ట్రాక్టర్లు కడితే గానీ రాలేదు. ముసలాయన పార పట్టి బురద తీశాడు, ఒక్క మాట దెప్పలేదు.

ఇరవై ఎనిమిది వచ్చింది. మారిస్ రాలేదు.

స్టెల్లా మారిస్ కంపెనీకి ఫోన్ చేసింది.

"రోడ్డు మీదే ఉన్నాడమ్మా," అన్నారు.

మర్నాడూ అదే మాట. వారం తర్వాతా అదే మాట.

"ఎంత పొడుగు రోడ్డయ్యా బాబూ అది," అని స్టెల్లా తల పట్టుకుంది.

ముసలాయన మాత్రం రోజూ ఆ ఇరవై కిలోమీటర్లూ గుచ్చుకుంటూ వచ్చేవాడు. స్టెల్లా అడుగంటిన కాఫీ పోసేది.

"మారిస్ రానీ, పెళ్ళిలో మొదటి డాన్సు ఆయనతోనే వేస్తా. నువ్వు నీ ఊచతో వేసుకో."

ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

మే తొమ్మిదిన కనబడలేదు. "పీడ వదిలింది," అంది స్టెల్లా. అంది గానీ, ఆయన కోసం కాఫీ పోసిన కప్పు వైపు రెండుసార్లు చూసింది.

మే పదిన హాలు వచ్చింది.

కిటికీలూ గుమ్మం అన్నీ ఉన్న హాలు, పొలాల మధ్య తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. ఊరంతా రోడ్డు పక్కకి చేరాం. పన్నెండు జతల చక్రాలూ దాటిపోయాక ఓరెస్ట్ గొంతుక్కూర్చుని నేల తడిమి చూశాడు.

"గీత కూడా పడలేదు వదినా."

లెస్యా ఎగిరి గంతేసింది. స్టెల్లాకు సంతోషంతో కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. 'మారిస్' అని పిండితో పేరు దిద్ది కాల్చిన వేడి రొట్టె పట్టుకుని బండి దగ్గరికి పరిగెత్తింది.

డ్రైవరు తలుపు తెరుచుకుంది.

ముందు ఇనుప ఊచ దిగింది. వెనకాలే మట్టి బూట్లు.

స్టెల్లా రొట్టె మీది పేరునీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"రోడ్డు మీదే ఉన్నానని చెప్పారు కదమ్మా," అంటూ డాన్సుకి చెయ్యి చాపాడు మారిస్.